లప్పం ఆరకముందు

ఆగస్టు వస్తే చాలు, నైరోబీలో
ఎవరో ఒకరు అడుగుతారు:
ఆ శుక్రవారం నువ్వెక్కడున్నావు?
మతాతులో పక్క సీటువాడు, గడ్డం గీసే మంగలి,
చర్చి మెట్ల మీద గొడుగు ముడుస్తూ ముసలి పాస్టరు.
అందరి దగ్గరా ఒక జవాబుంటుంది,
చేతికి అరిగిన తాళంచెవిలా.
మా బావమరిది కిలోంజో అటు వెళ్ళే బస్సు తప్పిపోయిందంటాడు.
ఆ బస్సు ఏడాదికేడాది
ఇంకాస్త దగ్గరగా తప్పిపోతూ ఉంటుంది.

నేను పనిలో ఉన్నానంటాను.
అబద్ధం కాదు.

గికోంబా సందులో రేకుల కొట్టు.
బల్ల మీద దుప్పటి, దుప్పటి మీద గాజు పలక.
పంతొమ్మిదిన్నర అంగుళాలు.
వజ్రపు మొన సగం దూరం వెళ్ళింది.
ముందొక చప్పుడు, టైరు పేలినంత.
తలెత్తలేదు.
గీత మధ్యలో తలెత్తకూడదని
మా మేస్త్రీ ఓడెరో మొట్టికాయలు వేసి నేర్పాడు.
తర్వాత రెండోది.
దాన్ని చప్పుడు అనలేను.
బల్ల వచ్చి నా పొట్టలో గుద్దింది.
గాజు పగల్లేదు.
గీత మాత్రం పక్కకి జరిగింది, వెంట్రుకవాసి.

మొదటిదానికీ రెండోదానికీ నడుమ
మేడల్లో జనం కిటికీల దగ్గరికి వెళ్ళారు,
ఏమైందో చూద్దామని.
అంతే. వాళ్ళు చేసిందల్లా అదే.

ఆ మంగళవారమే
స్టేషన్ దారిలో, నాలుగో అంతస్తులో,
జమాఖర్చులు రాసే అవినోకి
కొత్త గాజు బిగించి వచ్చాను.
గరుకుది చవక, అన్నాను.
వద్దు, తేటగా ఉండాలి, రోడ్డు కనబడాలి, అంది.
అంచుల్లో లప్పం పెట్టి, బొటనవేలితో నొక్కి,
పాత పేపరు తడిపి తుడిచి తుడిచి
ఉందో లేదో తెలియనంత తేట చేశాను.
మెచ్చుకుని వంద షిల్లింగులు ఎక్కువిచ్చింది.
వారం దాకా ముట్టుకోకండి, అని చెప్పాను,
లప్పం ఆరాలి.

ఇక ఆ నెల సంగతి ఎవరూ అడగరు.
బేరమాడిన వాడు లేడు.
పగలు కొలత, రాత్రి కోత.
రెండు వారాలు చెప్పులు విప్పి పడుకోలేదు.
మొంబాసా నుంచి లారీ వచ్చి ఆగేలోపే
సరుకు చెల్లిపోయేది.
నా భార్య న్దుకు డబ్బు లెక్కపెట్టి,
మళ్ళీ లెక్కపెట్టి,
దిండు కింద పెట్టుకోవడానికి మనసొప్పక
పిండి డబ్బాలో దాచింది.
మా ఇంటి కప్పు ఆ డబ్బుతో వేసిందే.
పదహారు రేకులు.
వాన పడితే ఒక్కో చినుకూ వినబడుతుంది.

ఆ నాలుగో అంతస్తుకూ నన్నే పిలిచారు.
చట్రం అలాగే ఉంది.
కొలత నాకు కంఠతా వచ్చు, అయినా టేపు పెట్టాను,
చేతులకి ఏదో ఒక పని ఉండాలి కదా.
కింది మూలలో లప్పం, ఇంకా పచ్చిగా,
అందులో నా బొటనవేలి ముద్ర,
గీతలతో సహా.
గోటితో గీకి తీయాలి. అదే పని.
చాలాసేపు పట్టింది.

అవినోని ఆ మరుసటేడు బస్టాపులో చూశాను.
నల్లకళ్ళద్దాలు. చెల్లెలు మోచెయ్యి పట్టుకుని ఉంది.
వెళ్ళిపోదామనుకున్నాను. పలకరించాను.
గొంతు గుర్తుపట్టింది.
"చాలా మంచి గాజయ్యా అది," అంది,
"నడుమ ఏదీ లేనట్టే ఉండేది."
ఆ మాటలో నింద ఎక్కడైనా ఉందేమోనని
ఇన్నేళ్ళుగా వేలితో తడుముతున్నాను.
పెంకు తగలదు. వేలు మాత్రం మండుతుంది.

నిన్న మా వీధిలో ఏదో పేలింది.
టైరే.
మనవరాలు కిటికీ వైపు పరిగెత్తింది.
నడుం పట్టి వెనక్కి లాగాను, కాస్త గట్టిగానే. ఏడ్చింది.
ఆ కిటికీ బిగించి పదకొండేళ్ళు.
ఎందుకు తాతా, అంటే
లప్పం ఇంకా ఆరలేదమ్మా, అన్నాను.